ఏండ్ల లెక్క ఎవరి సొత్తు? - విమాన చోదకుల సీనియారిటీ చరిత్ర

1

చేవెళ్ల మండలంలో, హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రోడ్డు మీద ఆలూరు గేటు వుంది. ఆ చుట్టుపక్కల పండే టమాటా, వంకాయ, ఆకుకూర తెల్లవారక ముందే నగరానికి పోతాయి. పైన విమానాలు పోతుంటాయి. శంషాబాదు విమానాశ్రయంలో రన్‌వే తూర్పు పడమరలుగా వుంది గనుక, పడమటి నుంచి దిగవచ్చే విమానాలకు ఈ ప్రాంతపు ఆకాశమే ముంగిలి. పగటి విమానాలలో మనుషులుంటారు. అర్ధరాత్రి దాటాక వచ్చేవాటిలో కొన్నింటి నిండా సరకే వుంటుంది: మందులు, యంత్రాల విడిభాగాలు, పార్సెళ్లు. కింద రోడ్డు మీద పోయే కూరగాయల బండినీ, పైన పోయే సరకు విమానాన్నీ నడిపేది నిద్ర మానుకున్న మనిషే.

ఆలూరు రైతు కొడుకొకడు పైలటు అయ్యాడనుకుందాం. ఈ మనిషి కల్పన. అతని చిక్కు మాత్రం కల్పన కాదు. ప్రయాణికులను చేరవేసే ఒక విమాన సంస్థలో అతడు పన్నెండేండ్లు పనిచేశాడు. ఇప్పుడు ఒక పెద్ద సరకు రవాణా విమాన సంస్థ పిలుస్తున్నది. విమానం పెద్దది, ముందుముందు జీతమూ పెద్దదే. కాని అక్కడి జాబితాలో అతని పేరు చిట్టచివర చేరుతుంది. తండ్రి అడుగుతాడు: “పన్నెండేండ్ల సర్వీసు ఇడిచిపెట్టి మల్ల కొత్తోని లెక్క చేరుతవా బిడ్డా? గా ఏండ్లన్ని యాడికి పోతయి?”

కొడుకు అంటాడు: “యాడికి పోవు నాయినా. ఆడనే ఉంటయి. నేనే పోత.”

ఈ జవాబులో ఒక చరిత్ర అంతా ఇమిడి వుంది. మనిషి పోయినా అతని ఏండ్లు పోకుండా కంపెనీ దగ్గరే ఉండిపోవడం ఎక్కడి న్యాయం? అది ఎప్పుడు, ఎందుకు, ఎవరి మేలుకు ఏర్పడింది? ఈ సంగతి తేల్చుకోకుండా, “పోవచ్చునా, పోరాదా” అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం జ్యోతిష్యం చెప్పడం లాంటిదే అవుతుంది.

2

పైలటుకు రెండు పుస్తకాలుంటాయి. ఒకటి లాగ్‌బుక్. ఎన్ని గంటలు ఎగిరాడు, ఏ విమానం మీద ఎగిరాడు, పగలెంత, రాత్రెంత అన్నదంతా అందులో వుంటుంది. ఇది అతని వెంట వస్తుంది. మన దేశంలో వృత్తి పైలటు లైసెన్సుకు 200 గంటలు, విమానానికి కెప్టెన్ కావడానికి కావలసిన పెద్ద లైసెన్సుకు 1500 గంటలు ఈ పుస్తకంలో చూపించాలి. రెండవ పుస్తకం సీనియారిటీ జాబితా. అది కంపెనీ బీరువాలో వుంటుంది. అందులో అతనిది ఒక సంఖ్య మాత్రమే.

ఆ సంఖ్య చేసే పని చిన్నది కాదు. ఎప్పుడు కెప్టెన్ అవుతాడు, ఏ విమానం నడుపుతాడు, ఏ వూరిలో కాపురముంటాడు, దసరా నాడు ఇంట్లో వుంటాడా ఆకాశంలో వుంటాడా అన్నవన్నీ ఆ సంఖ్యను బట్టే తేలతాయి. అమెరికా పెద్ద సంస్థలలో అయితే ఈ కట్టుబాటు మరీ కఠినం. పది వేల గంటలు ఎగిరిన కెప్టెన్ కూడా సంస్థ మారితే నిన్న చేరిన కుర్రవాడి వెనక నిలబడవలసిందే. కష్టకాలం వచ్చి మనుషులను తీసివేయవలసి వస్తే చివర చేరినవాడే ముందు ఇంటికి పోతాడు. డాక్టరు ఆసుపత్రి మారితే అతని పేరు వెంట పోతుంది. వకీలు వూరు మారితే అతని అనుభవానికి ఫీజు దొరుకుతుంది. పైలటు విషయంలో నేర్పు వెంట వస్తుంది, హోదా వెంట రాదు.

ఇదంతా యజమానులు పన్నిన వుచ్చు అని తొందరపడి అనరాదు. నిజానికి సీనియారిటీ పైలట్లు పోరాడి తెచ్చుకున్న రక్షణ. విమానయానం తొలినాళ్లలో యజమానికి ఇష్టుడైనవాడికే మంచి మార్గం, మంచి వేళలు దొరికేవి. వాతావరణం బాగాలేదు, నేను ఎగరను అన్నవాడికి మర్నాడు పని వుండేది కాదు. 1931లో డేవిడ్ బెన్‌కీ నాయకత్వాన అమెరికా పైలట్లు సంఘం పెట్టుకున్నారు. 1934లో అక్కడి జాతీయ కార్మిక బోర్డు 83వ నెంబరు తీర్పు ద్వారా జీతాల పద్ధతిని నిర్ణయించి, నెలకు 85 గంటలకు మించి ఎగరరాదని హద్దు పెట్టింది. జీతానికీ గంటలకూ ఒక హద్దు వచ్చాక, మిగిలిన దయాదాక్షిణ్యాల వ్యవహారాన్ని కూడా లెక్కలోకి తేవాలన్నది సహజమైన కోరిక. రైల్వే కార్మికులు అప్పటికే ఈ దారిన నడిచారు. ఎవరు ముందు చేరితే వారు ముందు. ఇందులో యజమాని ముఖం చూడవలసిన పని లేదు, బంధుత్వం కలపవలసిన పని లేదు. తుపానులో విమానం దించను అని చెప్పగల ధైర్యం పైలటుకు ఆ సంఖ్య ఇచ్చింది. ప్రయాణికుల ప్రాణాలకు కూడా అదే రక్ష.

కాని ఏ రక్షణకైనా రెండవ వైపు ఒకటుంటుంది. యజమాని ఇష్టాయిష్టాల నుంచి కాపాడిన ఆ సంఖ్యే మనిషిని అదే యజమానికి కట్టివేసింది. ఎంతకాలం పనిచేస్తే అంత గట్టిగా కట్టివేసింది. మన పల్లెల్లో జీతగాడిని అప్పు కట్టివేసేది. పైలటును అతని సొంత ఏండ్లే కట్టివేస్తున్నాయి. రెండూ సమానమని నేననను. జీతగాడిది ఆకలి, పైలటుది ఆశ. ముడి మాత్రం ఒకే తీరున పడింది.

3

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. మన దేశంలో విమానయానం సరకుతోనే మొదలయింది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి ఆరు వేల పైచిలుకు ఉత్తరాల సంచులతో ఒక ఫ్రెంచి చోదకుడు యమున మీదుగా ఎగిరాడు. 1932 అక్టోబరు 15న టాటావారు కరాచీ నుంచి బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసుకు మొదలుపెట్టినది కూడా టపా సర్వీసే. ఆ దారి తర్వాత బళ్లారిని విడిచి హైదరాబాదు మీదుగా మళ్లింది. మనుషులు ఆ తర్వాతి సరకు.

హైదరాబాదులో ఒక విశేషముంది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ పెట్టింది. నేటి ఆర్టీసీకి మూలపురుషుడు అదే. ఆ రైల్వేయే పెద్ద వాటాదారుగా, టాటా సంస్థ భాగస్వామిగా, 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. బేగంపేట నుంచి డకోటా విమానాలు ఎగిరాయి. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే గొడుగు కింద నడిచిన రాజ్యం మనది. రైలు పట్టాల పక్కన పుట్టిన సర్వీసు లెక్కల పద్ధతికి ఆకాశం ఎంతో దూరం కాలేదు.

ఆ దక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రలోనే మన ప్రశ్నకు తొలి వుదాహరణ దొరుకుతుంది. ప్రేమ్ మాథుర్ 1947లో వృత్తి పైలటు లైసెన్సు సంపాదించింది. ఎనిమిది సంస్థలు ఆడమనిషి అన్న కారణం చేత ఆమెను కాదన్నాయి. హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ తీసుకున్నది. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన తొలి మహిళ ఆమె. 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచింది కూడా. అయినా ఆమెకు కెప్టెన్ స్థానం ఇవ్వడానికి సంస్థ ఒప్పుకోలేదు. ఆమె ఆ ఉద్యోగం విడిచి, బిర్లా సొంత విమానం నడపడానికి ఢిల్లీ వెళ్లింది. ఆమె వదులుకున్న సీనియారిటీ ఎంత విలువైనది? ఎన్నేళ్లున్నా కో-పైలటు కుర్చీ దాటనివ్వని చోట ఏండ్ల లెక్కకు అర్థమేముంది? తలుపు అందరికీ ఒకేసారి తెరిచిన చోట మాత్రమే ‘ముందు చేరినవాడు ముందు’ అన్నది న్యాయం. తలుపు కొందరికి ఆలస్యంగా తెరిచి, ఆలస్యంగా వచ్చావు గనుక వెనకే వుండు అనడం న్యాయం కాదు. సీనియారిటీని సమర్థించే మనం ఈ లోపాన్ని దాచుకోరాదు.

యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలు చౌకగా దొరికాయి. ధనికులు విమాన కంపెనీలు పెట్టారు. దేశానికి అవసరమైన వాటికన్నా ఎక్కువ సంస్థలకు లైసెన్సులు దొరికాయి. అంబికా, జూపిటర్ వంటివి కొద్దికాలానికే మూతపడ్డాయి. వాటి జాబితాలలో మొదటి సంఖ్య గలవాడికీ చివరి సంఖ్య గలవాడికీ ఒకేరోజు ఉద్యోగం పోయింది. మునిగే పడవలో ముందు వరుసలో కూర్చున్నా వెనక వరుసలో కూర్చున్నా తడిసేది ఒకే నీటిలో.

అప్పుడు ప్రభుత్వం కల్పించుకున్నది. 1953 విమాన కార్పొరేషన్ల చట్టం కింద ఆ ఏడు ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. ఆ చట్టంలో మన దృష్టికి ముఖ్యమైన అంశం ఇది: 1952 జులై 1కి ముందు నుంచి ఆ కంపెనీలలో పనిచేస్తూ, జాతీయం నాటికి ఇంకా పనిలో వున్న ఉద్యోగులు అదే జీతంతో, అవే షరతులతో కార్పొరేషను ఉద్యోగులవుతారు. అంటే యజమాని మారాడు, ఏండ్లు చెడలేదు. ఎనిమిది జాబితాలను ఒకటిగా అల్లడం తేలిక పని కాకపోవచ్చు. కాని మనిషి చేసిన సర్వీసు మనిషి వెంట వస్తుందన్న సూత్రాన్ని పార్లమెంటు ఒప్పుకున్నది. మన విమానయాన చరిత్రలో ఇది పెద్ద మలుపు.

4

ఈ సూత్రం ఆకాశంలో పుట్టినది కాదు. మూడేళ్ల ముందే అది మన నేల మీద పుట్టింది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అన్న హక్కును ఏర్పరచింది. చట్టం చెప్పిన కాలంలో వరుసగా ఆరేండ్లు భూమి దున్నినవాడిని పట్టాదారు ఇష్టం వచ్చినట్టు తీసివేయడానికి వీల్లేదు. పట్టాదారు భూమి అమ్ముకున్నా కౌలుదారు హక్కు చెడదు. ఆ చట్టం వెనక తెలంగాణ రైతుల సాయుధ పోరాటం వుంది, వెట్టికి వ్యతిరేకంగా చిందిన నెత్తురు వుంది. దున్నిన ఏండ్లకు విలువ వుందని, అది దొరగారి దయ కాదని ప్రభుత్వం చేత ఒప్పించినది ఆ పోరాటమే.

ఆ హక్కు ఎంతమందికి నిజంగా దక్కిందో చేవెళ్ల ప్రాంతపు రైతులకు చెప్పనక్కరలేదు. కాగితం మీది పేరు వేరు, నాగలి పట్టిన చేయి వేరు. 2020లో వచ్చిన ధరణి రికార్డులో అనుభవదారు కాలమే లేకుండా పోయింది. ఎవరి పేర పట్టా వుందో అందులో వుండేది. ఎవరు దున్నుతున్నారో వుండేది కాదు. భూమి ధర ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు మారిన ఈ రోడ్డు వెంట ఆ ఒక్క కాలం లేకపోవడమంటే ఎందరి ఏండ్లో రాత్రికి రాత్రి చెరిగిపోవడమే.

పైలటు కథనూ కౌలుదారు కథనూ పక్కపక్కన పెట్టడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. ఒకడు లక్షలు సంపాదిస్తాడు, ఇంకొకడు అప్పులు చేస్తాడు గదా అంటారు. సంపాదనలో తేడాను ఎవరు కాదంటారు? కాని ఇద్దరూ అడిగేది ఒకే ప్రశ్న: నేను పెట్టిన కాలం నాదా, యజమానిదా?

5

1953లో వచ్చిన ఏర్పాటు నలభై ఏండ్లు నిలిచింది. 1994లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ప్రైవేటు విమాన సంస్థలకు దారి తెరుచుకున్నది. వాటిలో ఎన్ని నిలిచాయి? ఈస్ట్‌వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ ఆ దశాబ్దంలోనే పోయాయి. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. పాతికేండ్ల జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. ప్రతి పతనంలోనూ వందలాది పైలట్ల సంఖ్యలు గాలిలో కలిశాయి. కొందరు మళ్లీ కో-పైలట్లుగా చేరారు, కొందరు గల్ఫుకు పోయారు. ‘సీనియారిటీ వదులుకుని పోవచ్చునా’ అని ఆలోచించే అవకాశం వారికి రాలేదు. సీనియారిటీయే వారిని వదిలిపోయింది.

ప్రభుత్వ సంస్థలోనూ ముడి విడిపోలేదు. 2007లో ఎయిరిండియానూ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నూ కలిపారు. యజమాని ఒక్కడే అయ్యాడు, జాబితాలు రెండుగానే మిగిలాయి. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనం కోసం సమ్మె చేశారు. 2012లో పాత ఎయిరిండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. అందుకు కారణం ఏమంటే, కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ రెండవ వైపు వారికి కూడా ఇస్తే తమ పదోన్నతి వెనకపడుతుందన్న భయం. సమ్మె కట్టినవారు ఎదిరించినది యాజమాన్యాన్నే. లోలోపల వారు భయపడినది తోటి పైలటును చూసి. యాజమాన్యం లెక్క తేల్చకుండా వదిలేస్తే కార్మికులు ఒకరినొకరు లెక్కపెట్టుకుంటారు. ఈ సమ్మె నేర్పిన పాఠం అదే.

అమెరికాలో ఈ పాఠం ఇంకా ఘోరంగా నేర్చుకున్నారు. 2001లో టీడబ్ల్యూఏను అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామందిని జాబితా అడుగున చేర్చారు. ఆ సెప్టెంబరు తర్వాత వ్యాపారం కూలగానే అడుగున వున్నవారు ముందుగా వీధిన పడ్డారు. ఆ అన్యాయం ఫలితంగా 2007లో మెకాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది. సంస్థలు కలిసినప్పుడు సీనియారిటీ జాబితాలను న్యాయంగా, సమంగా కలపాలని అది నిర్దేశించింది. కంపెనీని కంపెనీ మింగినప్పుడు ఈ చట్టం పనిచేస్తుంది. ఒక మనిషి తన కాళ్ల మీద తాను నడిచి పోయినప్పుడు పనిచేయదు. పెట్టుబడి కదిలితే పైలటు ఏండ్లు దాని వెంట కదులుతాయి. పైలటు తానే కదిలితే కదలవు. న్యాయంలోని ఈ వంకర మనం గమనించవలసి వుంది.

6

ఇక సరకు విమానాల సంగతి. రాత్రిపూట సరకును ఒకచోట చేర్చి, మార్చి, తెల్లవారేసరికి పంచే పద్ధతిని ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. ఆ సంస్థ 1973 ఏప్రిల్ 17న మెంఫిస్ నుంచి 14 చిన్న విమానాలతో, 25 నగరాలకు, 186 పొట్లాలతో ఆ పని మొదలుపెట్టింది. కాని మన దేశంలో 1949 జనవరిలోనే రాత్రి టపా సర్వీసు ప్రారంభమయింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన నాలుగు విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి తిరిగి చేరేవి. మెంఫిస్‌కు పాతికేండ్ల ముందే నాగపూరు వుంది. పెట్టుబడీ, సరకూ అక్కడ వుండడం చేత అది అక్కడ మహావృక్షమయింది.

ఆ వృక్షం కింద కూడా జాబితా గొడవ తప్పలేదు. చైనాలో యుద్ధం చేసి వచ్చిన చోదకులు 1945లో పెట్టుకున్న ఫ్లయింగ్ టైగర్ సరకు సంస్థను 1989లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ కలుపుకున్నది. టైగర్లకు ఏండ్లు ఎక్కువ, ఫెడరల్‌వారికి భవిష్యత్తు ఎక్కువ. ఏ ఏండ్లకు ఎంత విలువ అన్న తగువు ఆ కలయికకూ తప్పలేదు.

మన దేశపు అనుభవం మరీ మిశ్రమం. 1996లో బ్లూడార్ట్ సరకు విమానాలు ఎగరడం మొదలుపెట్టాయి, నిలిచాయి. 2009లో కెప్టెన్ గోపీనాథ్ నాగపూరు కేంద్రంగా దక్కన్ 360 పెట్టాడు. 2011లో అది ఆగిపోయింది. హైదరాబాదు కేంద్రంగా ఫ్లయింగ్టన్ ఫ్రైటర్స్ అన్న సంస్థ 2007లో పెద్ద ఎయిర్‌బస్ సరకు విమానాలకు ఆర్డరిచ్చింది. ఆ విమానాలు ఏనాడూ హైదరాబాదు నేల మీద వాలలేదు. 2020లో మహమ్మారి వచ్చి ప్రయాణికుల విమానాలు నేలకు దిగినప్పుడు సరకు విమానాలకు మాత్రం తీరిక లేకపోయింది. 2023 జనవరిలో అమెజాన్ సంస్థ శంషాబాదులో తన సరకు విమాన సర్వీసు ప్రారంభించింది. అప్పుడు విమానాలు నడిపినది మాత్రం బెంగుళూరు సంస్థ క్విక్‌జెట్. పేరు ఒకరిది, పైలటు ఒకరివాడు.

సరకు సంస్థ అంటే స్థిరత్వమని అనుకోవడం కూడా పొరపాటే. 2023లో రవాణా తగ్గినప్పుడు సాక్షాత్తూ ఫెడెక్సే తన పైలట్లకు ఒక ప్రాంతీయ ప్రయాణికుల సంస్థలో చేరే అవకాశం వున్నదని చూపించింది. పెద్ద సంస్థ కోసం చిన్నదాన్ని విడిచి వచ్చినవారికి పెద్ద సంస్థే చిన్నదాన్ని చూపించింది.

ఇంకొక ధర వుంది, అది కాగితం మీద కనిపించదు. సరకు విమానం రాత్రి జీవి. 2011 చివర అమెరికా ప్రభుత్వం పైలట్ల విశ్రాంతికి కొత్త నియమాలు చేసినప్పుడు సరకు సంస్థలను వాటి నుంచి మినహాయించింది. ప్రయాణికుల వెనక నిద్ర పోయిన పైలటు ప్రమాదం, పార్సెళ్ల ముందు నిద్ర పోయిన పైలటు ప్రమాదం కాదన్నట్టు! 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ సరకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. దర్యాప్తువారు చూపిన కారణాలలో అలసట ఒకటి. జీతపు తేడాను లెక్కవేసేవాడు ఈ నిద్ర ధరను కూడా లెక్కవేయాలి.

7

ఇప్పుడు ఆలూరు కుర్రవాడి త్రాసులో ఏమేమి వున్నాయో చూద్దాం. ఒక పళ్లెంలో పన్నెండేండ్లు, ఒక సంఖ్య, తెలిసిన వూరు, పండగ నాటి సెలవు. రెండవ పళ్లెంలో పెద్ద విమానం, పెరిగే జాబితా, రాత్రి పని, చివరి స్థానం. చరిత్ర అతనికి చెప్పేది మూడు మాటలు.

మొదటిది: సంఖ్య విలువ సంఖ్యలో లేదు, సంస్థ ఆయువులో వుంది. పెరుగుతున్న సంస్థలో చివర చేరినవాడి వెనక రేపు వందమంది చేరతారు. తరుగుతున్న సంస్థలో నూరవవాడు పదేళ్లకు కూడా నూరవవాడే. జెట్ ఎయిర్‌వేస్‌లో పైవరుసలో వున్నవారిని అడిగితే ఈ మాట చెబుతారు.

రెండవది: వయసు. అరవై అయిదేండ్లకు కాక్‌పిట్ నుంచి దిగిపోవాలి. ముప్పయి ఎనిమిదేళ్ల వాడికి పోగొట్టుకున్నది తిరిగి సంపాదించే కాలముంది. యాభై రెండేళ్ల వాడికి చివరి స్థానమంటే, రాత్రి పనితో మొదలై రాత్రి పనితోనే ముగిసే ఉద్యోగం.

మూడవది: పైలటు పోయేది ఏ ఒప్పందం కిందికి? అక్కడ సంఘం వుందా? కష్టకాలంలో ఎవరిని ముందు తీసివేయాలో రాసుకున్నారా? విశ్రాంతి గంటలు కాగితం మీద వున్నాయా? మన దేశంలో కొత్త సంస్థలు అవసరం పడినప్పుడు బయటినుంచి నేరుగా కెప్టెన్లను తీసుకుంటాయి. అది వచ్చేవాడికి సౌకర్యమే. వచ్చి చేరాక, తన తర్వాత వచ్చేవాడు తన నెత్తి మీద కూర్చున్నప్పుడు అదే అన్యాయంగా కనిపిస్తుంది. జీతం ఎంత అని అడిగేముందు జాబితా ఏది అని అడగడం మంచిది.

ఈ మూడింటినీ చూసుకుని ముప్పయి ఎనిమిదేళ్ల మనిషి పోదలిస్తే పోవడం తప్పు కాదని నా అభిప్రాయం. ఏండ్ల మీద మమకారంతో మునిగే పడవలో కూర్చోవడం విశ్వాసం కాదు. కాని ఒక మనిషి తన దారి తాను చూసుకున్నంత మాత్రాన ప్రశ్న తీరదు. అతడు పోయినచోట ఇంకొకడు వచ్చి అదే గొలుసు తొడుక్కుంటాడు.

పైలట్లు సుఖజీవులు, వారి గొడవ మనకెందుకని మన మిత్రులు కొందరు అనవచ్చు. నా జవాబు ఇది. అదే విమానాశ్రయంలో అదే విమానం కడుపులోకి పెట్టెలు ఎక్కించే కార్మికుడున్నాడు. అతని మీద కంట్రాక్టరు మారినప్పుడల్లా పని అదే వుంటుంది, చొక్కా రంగు మారుతుంది, సర్వీసు సున్నా నుంచి మొదలవుతుంది. 1972 గ్రాట్యుటీ చట్టం ఐదేండ్ల ఎడతెగని సర్వీసు కావాలన్నది. కంట్రాక్టు అయిదేండ్లు నిండనివ్వకుండా మారిస్తే చాలు, ఆ చట్టం పుస్తకంలోనే వుండిపోయేది. పైలటు పోగొట్టుకునేది హోదా. ఈ కార్మికుడు పోగొట్టుకునేది ముసలితనపు కూడు. రోగం ఒకటే. పైలటు దగ్గర అది దూరానికి కనిపించేంత ఎత్తున వుంది గనుక అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

ఇది తీరని సమస్య కాదు. 1952లో భవిష్యనిధి చట్టం వచ్చింది. 2014లో కార్మికుడికి ఒకే శాశ్వత ఖాతా సంఖ్య ఇచ్చారు. కంపెనీ మారినా ఆ సంఖ్య మారదు. సొమ్ము మనిషి వెంట పోవడానికి దారి దొరికింది. అలాగే ఏండ్లు కూడా పోవడానికి దారి దొరకకపోదు. వృత్తి మొత్తానికి ఒక సర్వీసు లెక్క వుండాలి. మూతపడిన సంస్థ పైలట్లను మరొక సంస్థ తీసుకునేటప్పుడు వారి ఏండ్లలో కొంత భాగమైనా లెక్కకు రావాలి. కంట్రాక్టరు మారినా కార్మికుడి సర్వీసు పనిచోటును బట్టి కొనసాగాలి. 1953లో ఎనిమిది కంపెనీల ఉద్యోగుల సర్వీసును కాపాడగలిగిన దేశానికి ఇది చేతకాని పని కాదు. అప్పుడు చేయించినది అప్పటి ప్రజా ఉద్యమాల ఒత్తిడి; ఇప్పుడు లేనిది ఆ ఒత్తిడే.

ఆలూరు తండ్రి అడిగిన ప్రశ్నకు కొడుకు సరిగ్గానే జవాబు చెప్పాడు. ఏండ్లు అక్కడే వుంటాయి, మనిషే పోతాడు. కాని ఆ తండ్రికి ఇంకొక సంగతి తెలుసు. దున్నిన ఏండ్లు దున్నినవాడివే అని ఒకప్పుడు ఈ నేల మీద చట్టం చేయించారు. అమలులో ఎంత ఓడిపోయినా ఆ మాట చట్టం పుస్తకానికి ఎక్కింది. నాగలికి దొరికిన ఆ మాట రెక్కలకూ దొరకాలి. అంతవరకూ ఆ చీకటి ఆకాశంలో పోయే ప్రతి సరకు విమానం బరువులో కాగితం మీద రాయని బరువు ఒకటి వుంటుంది. అది నడిపేవాడు వెనక విడిచివచ్చిన ఏండ్ల బరువు.